రెండు కణాల మధ్య 15 నానోమీటర్లు

బియ్యంలో నల్లరాయి ఏరడం ఎవరికైనా వచ్చు. తెల్లరాయి దగ్గరే చేట పట్టిన చేతి నేర్పు బయటపడుతుంది. మన రక్తంలో, లింఫ్ గ్రంథుల్లో తిరిగే టి-కణాలు అనే రోగనిరోధక కణాలు జీవితమంతా చేసేది ఈ రెండో రకం ఏరుడే. శరీరంలో కేంద్రకం ఉన్న దాదాపు ప్రతి కణమూ తన లోపలి ప్రోటీన్లను ముక్కలు చేసి, ఒక్కో ముక్కను ఎంహెచ్‌సీ అనే ప్రోటీన్ దొన్నెలో పెట్టి పైపొర మీదకు పంపుతుంది. ఇవాళ మా ఇంట్లో వండింది ఇదీ అని వీధిలోకి చూపించినట్టు. పెప్టైడ్ అని పిలిచే ఆ ముక్క పొడవు మామూలుగా 8 నుంచి 10 అమైనో ఆమ్లాలు. ఒక్క కణం మీద ఇలాంటి దొన్నెలు పదుల వేల నుంచి లక్ష దాకా ఉంటాయి. అన్నింట్లోనూ సొంత సరుకే. వైరస్ దూరిన రోజున మాత్రం కొద్ది దొన్నెల్లో పరాయి ముక్క కనిపిస్తుంది. దొన్నె అదే, ముక్క సైజూ అదే. తేడా ఒక్కోసారి ఒకటి రెండు అమైనో ఆమ్లాలది.

టి-కణం ఆ తేడాను పసిగడుతుంది. ఎంత సున్నితంగా పసిగడుతుందో 2002లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ డేవిస్ బృందం లెక్కపెట్టి చూపించింది. పరాయి పెప్టైడ్లకు మెరిసే గుర్తు తగిలించి, రెండు కణాలు కలిసిన చోట అవి ఎన్ని ఉన్నాయో సూక్ష్మదర్శినిలో ఒక్కొక్కటిగా చూశారు. ఒక్కటి తగిలినా, మేల్కొంటోందనడానికి గుర్తుగా టి-కణం లోపల కాల్షియం కాసేపు పెరిగింది. పది దాకా ఉంటే స్పందన పూర్తి స్థాయికి చేరింది. తర్వాత 2004లో, చంపే రకం టి-కణానికైతే మూడు పెప్టైడ్లు చాలని తేలింది. లక్షలో మూడు!

వింత ఇంకొకటుంది. దొన్నెను, అందులోని పెప్టైడ్‌ను పట్టుకోవడానికి టి-కణం పైపొర మీద ఉండే ప్రోటీనే దాని రిసెప్టర్. అది సొంత పెప్టైడ్లను అసలు పట్టుకోదని అనుకుంటే పొరపాటు. వాటినీ పట్టుకుంటుంది, కాకపోతే వెంటనే వదిలేస్తుంది. సొంతవాటి మీద నిలిచే సమయం చాలావరకు సెకను లోపే. పరాయివాటి మీద కొన్ని సెకన్ల నుంచి పదుల సెకన్ల వరకు. అంటే పట్టులో తేడా ఏ పది రెట్లో. స్పందనలో తేడా మాత్రం వేల రెట్లు. పాఠ్యపుస్తకాల్లో ఏళ్లుగా చెప్పుకుంటున్న తాళం-తాళంచెవి కథ ఇక్కడికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది. సగం తిరిగే చెవులు లక్ష ఉన్నచోట, పూర్తిగా తిరిగే మూడు చెవుల్ని ఆ తాళం ఎలా గుర్తుపడుతోంది?

జవాబు రిసెప్టర్ ఆకారంలో వెతికినంత కాలం దొరకలేదు. దాని పక్కన ఎవరున్నారు, ఎవరు లేరు, ఎంతసేపు అలా ఉన్నారు అని చూడడం మొదలుపెట్టాకే దారి కనిపించింది. కణం పైపొర మీద అణువులు చోటుతోనూ సమయంతోనూ లెక్క కడతాయి.

నూనె మీద తేలే ప్రోటీన్లు అనే పాత బొమ్మ

కణం పైపొర రెండు వరసల కొవ్వు అణువులతో చేసిన పలచని తెర. మందం 5 నానోమీటర్ల లోపు (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు). అందులో ప్రోటీన్లు గుచ్చుకుని ఉంటాయి. 1970లో ఫ్రై, ఎడిడిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మనిషి కణాన్నీ ఎలుక కణాన్నీ కలిపి ఒకటి చేసి చూశారు. మొదట సగం ఇటూ సగం అటూ ఉన్న ప్రోటీన్లు, శరీర ఉష్ణోగ్రతలో 40 నిమిషాలకల్లా మొత్తం పొరంతా కలిసిపోయాయి. బాగా చల్లగా ఉంచితే కలవలేదు. అంటే పొర గట్టి గోడ కాదు, ద్రవం. రెండేళ్లకు సింగర్, నికల్సన్ దీన్ని ఒక సిద్ధాంతంగా చెప్పారు. కొవ్వు సముద్రంలో ప్రోటీన్లు మంచుగడ్డల్లా తేలుతుంటాయన్న ఆ బొమ్మ ఇప్పటికీ ఇంటర్మీడియెట్ పుస్తకాల్లో ఉంది.

బొమ్మ తప్పేం కాదు గానీ, అందులో సముద్రం మరీ ఖాళీగా ఉంటుంది. నిజమైన పొర తిరునాళ్ల రద్దీలా ఉంటుంది. పైగా దాని అడుగున యాక్టిన్ అనే ప్రోటీన్ దారాల వల ఉంటుంది. ఆ వలకు అంటుకుని నిలబడ్డ ప్రోటీన్లు కంచె గుంజల్లా మిగతావాటికి అడ్డం పడతాయి. ఒక అణువు చిన్న మడిలో స్వేచ్ఛగా తిరుగుతుంది, గట్టు దాటి పక్క మడిలోకి వెళ్లడానికి మాత్రం అదను కోసం ఆగాలి. జపాన్‌లో అకిహిరో కుసుమి ఒక్కో అణువును అతి వేగంగా ఫొటోలు తీసి ఈ గెంతుల్ని పట్టుకున్నారు.

ఈ కథలో మన దేశానికీ ఒక అధ్యాయం ఉంది. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం ఎన్‌సీబీఎస్‌లో సత్యజిత్ మేయర్, రామన్ పరిశోధనా సంస్థలో ఉండగా భౌతిక శాస్త్రవేత్త మదన్ రావు కలిసి, పొర బయటి వరసకు కొవ్వు తోకతో వేలాడే ఒక రకం ప్రోటీన్ల మీద పనిచేశారు. అవి విడివిడిగా చల్లినట్టు ఉండవని, వాటిలో 20 నుంచి 40 శాతం రెండేసి, మూడేసి, నాలుగేసి చొప్పున చిన్న గుంపులుగా ఉంటాయని 2004లో తేల్చారు. గుంపు కట్టించేది కొవ్వు గుణం ఒక్కటే అయితే, అణువుల సంఖ్య పెంచినప్పుడు గుంపుల్లో ఉన్నవాటి శాతమూ పెరగాలి. అలా జరగలేదు. పొర అడుగున కదిలే పొట్టి యాక్టిన్ దారాలు శక్తిని ఖర్చు చేస్తూ ఈ గుంపుల్ని కడుతున్నాయి, విప్పుతున్నాయి. పొర తనంతట తాను సర్దుకునే సరుకు అనుకున్నచోట, దాన్ని కణమే పనిగట్టుకుని సర్దుతోందన్నమాట. అంతకుముందు 1997 నుంచి లోకాన్ని ఊపిన, పొరలోని కొన్ని కొవ్వులు తమంతట తామే తెప్పల్లా గుంపు కడతాయనే లిపిడ్ తెప్పల సిద్ధాంతంలో ఇది పెద్ద దిద్దుబాటు. దానికి రావలసినంత పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా రాలేదు.

మంచం కిందికి ఎవరు దూరగలరు

ఇప్పుడు టి-కణం దగ్గరికి. ఒక్కో టి-కణం మీద రిసెప్టర్లు దాదాపు 30,000 ఉంటాయి. ఈ రిసెప్టర్‌కు పట్టుకోవడం వచ్చు, లోపలికి కబురు చెప్పే ఎంజైమ్ మాత్రం తనలో లేదు. కణం లోపలి వైపు వేలాడే దాని తోకల మీద టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలు 20 ఉంటాయి, జంటలుగా, పది చోట్ల. వాటికి ఫాస్ఫేట్ తగిలితేనే కబురు మొదలవుతుంది. ఫాస్ఫేట్ తగిలించే పని ఎల్‌సీకే అనే ఎంజైమ్‌ది. ఊడబీకే పని సీడీ45 అనే ప్రోటీన్‌ది.

ఆ ఫాస్ఫేట్ వచ్చేది కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో కండరం నుంచి వేరుచేసిన పదార్థం అదే. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు. శరీరంలో ఫాస్ఫరస్‌ను కొలవడానికి ఫిస్క్, సుబ్బారావు 1925లో చెప్పిన రంగు పద్ధతి తర్వాత దశాబ్దాల పాటు ప్రయోగశాలల్లో నడిచింది. కణాల మాటల్లో ఫాస్ఫేటే అక్షరమని అప్పటికి ఎవరికీ తెలియదు. ఈ వ్యాసంలో ఇకమీదట ఎక్కడ ఫాస్ఫేట్ అన్నా, అది సుబ్బారావు గారి ఏటీపీ నుంచి ఊడి వచ్చిందే.

టి-కణం ఖాళీగా ఉన్నప్పుడు ఎల్‌సీకే తగిలిస్తూనే ఉంటుంది, సీడీ45 పీకేస్తూనే ఉంటుంది. ఒకరు ముగ్గు వేస్తుంటే వెనకాలే ఒకరు చీపురు పట్టుకుని తిరిగినట్టు. సీడీ45 పొర మీద చాలా ఎక్కువ సంఖ్యలో ఉంటుంది కాబట్టి ముగ్గు నిలవదు, కణం నిశ్శబ్దంగా ఉంటుంది. చిత్రమేమిటంటే, ఎల్‌సీకేను పనిచేసే స్థితిలో ఉంచేదీ సీడీ45నే. ఎల్‌సీకే తోకకు ఉండే ఒక నిరోధక ఫాస్ఫేట్‌ను అదే తీసేస్తుంది. అందుకే సీడీ45ను పూర్తిగా తొలగిస్తే టి-కణం రెచ్చిపోదు, మొద్దుబారుతుంది.

మరి రిసెప్టర్ దొన్నెను పట్టుకోగానే ఈ తూకం ఎలా తప్పుతుంది? ఆక్స్‌ఫర్డ్‌లో సైమన్ డేవిస్, ఆంటన్ వాన్ డెర్ మెర్వా 1996లో ఒక సమాధానం ప్రతిపాదించారు. వినగానే ఇంతేనా అనిపించేంత తేలికైన సమాధానం: అణువుల ఎత్తు. టి-కణం రిసెప్టర్, ఎంహెచ్‌సీ చేతులు కలిపితే వాటి మొత్తం పొడవు దాదాపు 15 నానోమీటర్లు. తల వెంట్రుకను నిలువునా 5,000 పొరలుగా చీల్చగలిగితే ఒక్కో పొర మందం ఇంచుమించు అంత. కాబట్టి ఆ చోట రెండు కణాల పొరలు 15 నానోమీటర్ల దూరానికి వచ్చేస్తాయి. సీడీ45 బయటి భాగం 20 నానోమీటర్లకు పైనే ఉంటుంది, కొన్ని రూపాల్లో ఇంకా చాలా పొడవు. ఆ సందులో అది పట్టదు. మంచం కిందికి పిల్లలు దూరితే పెద్దవాళ్లు బయటే ఆగిపోయినట్టు, సీడీ45 పక్కకు నెట్టుకుపోతుంది. ఎల్‌సీకే ఉండేది కణం లోపలి వైపు కాబట్టి దానికి ఈ ఎత్తు గొడవ లేదు. అది లోపలే మిగులుతుంది. చీపురు బయట, ముగ్గుపిండి లోపల. ఇక ఫాస్ఫేట్లు నిలుస్తాయి.

2005లో వాన్ డెర్ మెర్వా బృందం దీన్ని సూటిగా పరీక్షించింది. ఎంహెచ్‌సీ దొన్నె కింద అదనపు ప్రోటీన్ ముక్కలు అతికించి దాన్ని పొడుగ్గా చేశారు. పైనున్న పెప్టైడ్ మారలేదు, రిసెప్టర్ దాన్ని పట్టుకోవడమూ మారలేదు. మారింది కాలి కింద పీట ఎత్తు ఒక్కటే. పొరల మధ్య సందు పెరిగింది, సీడీ45 బయటికి పోలేదు, టి-కణం స్పందన పడిపోయింది. 2012లో జేమ్స్, వేల్ ఇంకో అడుగు వేశారు. రోగనిరోధక వ్యవస్థతో ఏ సంబంధమూ లేని, మూత్రపిండ మూలపు కణాల్లో రిసెప్టర్, ఎల్‌సీకే, సీడీ45 వగైరా నాలుగైదు సరుకులు మాత్రం పెట్టి చూస్తే, అక్కడా సీడీ45 పక్కకు తప్పుకుంది, ఫాస్ఫేట్లు పడ్డాయి. ఇందుకు టి-కణానికే సొంతమైన రహస్య యంత్రమేదీ అక్కర్లేదని ఆ ప్రయోగం చెప్పింది.

అంతా ఎత్తుతోనే తేలిపోయిందని చెప్పడం కూడా అతిశయోక్తే. రెండు కణాలూ కదులుతుంటాయి కాబట్టి పట్టు మీద లాగుడు పడుతుంది. కొన్ని పరాయి పెప్టైడ్ల పట్టు ఆ లాగుడుకు సడలకపోగా ఇంకా బిగుస్తుందని, సొంతవాటి పట్టు తెగిపోతుందని 2014లో ప్రయోగాలు చూపించాయి. ఎత్తు, లాగుడు ఒకదాన్నొకటి కొట్టేసే వివరణలు కావు. ఏది ఎంత అన్న దగ్గరే పరిశోధకులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

ఈ దగ్గరి సందులు ఏర్పడడానికి టి-కణం ఎదుటి కణాన్ని మొత్తంగా హత్తుకోవలసిన పని కూడా లేదు. దాని ఒంటి నిండా సన్నని వేళ్లలాంటి పొడుచుకొచ్చిన భాగాలుంటాయి. రిసెప్టర్లు వాటి మీదే ఎక్కువగా పోగై ఉంటాయని 2016లో తెలిసింది. ఆ వేళ్లతో అది ఎదుటి కణాన్ని తడుముతుంది. నిమిషంలో ఎదుటి ఉపరితలంలో అధిక భాగం తడిమేస్తుంది. సంతలో దోసపండ్లు వేళ్లతో నొక్కి చూసే అనుభవస్థుల్లాగా.

సంతకాలు, బల్లలు

ఎత్తు వల్ల ఎవరు పక్కన ఉంటారో తేలింది. పరాయి, సొంత తేడా తేలడానికి ఇది చాలదు. సొంత పెప్టైడ్ పట్టుకున్నా సందు 15 నానోమీటర్లే కదా. ఇక్కడ సమయం రంగంలోకి వస్తుంది.

మండల ఆఫీసులో ఒక కాగితం కావాలంటే వరసగా ఐదు బల్లల దగ్గర ఐదు సంతకాలు పడాలనుకుందాం. ఒక్కటే కఠిన నియమం: దరఖాస్తుదారు అక్కడ నిలబడి ఉన్నంతసేపే ఫైలు కదులుతుంది. టీ తాగొద్దామని బయటికి వెళ్తే అప్పటిదాకా పడిన సంతకాలన్నీ చెరిగిపోతాయి, మళ్లీ మొదటి బల్ల. ఒక్కో సంతకానికి సగటున ఒక సెకను పడుతుందనుకోండి. సగటున 5 సెకన్లు నిలబడేవారు ఒక్కో బల్ల దాటే అవకాశం 83 శాతం. సగటున అర సెకను నిలబడేవారికి 33 శాతం. ఒక్క బల్లకు చూస్తే తేడా రెండున్నర రెట్లే. ఐదు బల్లలకు అది దాదాపు వంద రెట్లవుతుంది, ఎనిమిదింటికి 1,500 రెట్లు దాటుతుంది. బల్లలు పెంచేకొద్దీ ఇంకా బాగుంటుందా అంటే, దానికీ ఖరీదుంది. ఎనిమిది బల్లలైతే నిజమైన దరఖాస్తుదారుల్లో కూడా నలుగురిలో ఒకరికే కాగితం చేతికొస్తుంది. మోసం తగ్గించబోతే ఆలస్యం, సున్నితత్వం రెండూ దెబ్బతింటాయి. ఏ ఆఫీసులోనైనా ఇదే లెక్క.

ఈ ఆలోచనను మొదట ప్రోటీన్ల తయారీలో తప్పులు ఎందుకంత తక్కువో వివరించడానికి 1974లో జాన్ హాప్‌ఫీల్డ్ చెప్పారు. ఆ మరుసటి ఏడాది జాక్ నినియో విడిగా చెప్పారు. 1995లో మెకీథన్ దాన్ని టి-కణం రిసెప్టర్‌కు అన్వయించారు. చాలా ఏళ్లు అది కాగితం మీది గణితంగానే ఉండిపోయింది. ఎందుకంటే పట్టు సమయాన్ని మార్చాలంటే పెప్టైడ్‌ను మార్చాలి, పెప్టైడ్‌ను మారిస్తే ఇంకేవో మారాయని ఎవరైనా అనొచ్చు. 2019లో రెండు బృందాలు వెలుతురుతో ఈ చిక్కు విప్పాయి. వెలుగు పడితే పట్టు సమయం మారేలా అణువుల్ని తయారుచేసి, మిగతా ఏదీ మార్చకుండా సమయం ఒక్కటే మార్చారు. కాస్త ఎక్కువసేపు నిలిచిన పట్టే లోపలికి కబురు పంపింది.

ఇంతకీ ఆ బల్లలు ఏవి? రిసెప్టర్ తోకల మీద ఫాస్ఫేట్లు పడడం మొదటిది. జంట ఫాస్ఫేట్లు పడ్డచోట జాప్-70 అనే ఎంజైమ్ వచ్చి కూర్చోవడం రెండోది. ఈ బల్ల ఎంత ముఖ్యమో పుట్టుకతో జాప్-70 లేని పిల్లల్లో తెలుస్తుంది. వాళ్ల రక్తంలో సీడీ4 రకం టి-కణాలు సంఖ్యకు ఉంటాయి, పని మాత్రం చేయవు. చిన్న జబ్బు కూడా ప్రాణాల మీదికి తెస్తుంది. కూర్చున్న జాప్-70కి ఎల్‌సీకే ఫాస్ఫేట్ పెట్టి మేల్కొల్పడం మూడోది. మేల్కొన్న జాప్-70, పొరకు అంటుకుని ఉండే లాట్ అనే ప్రోటీన్ మీద ఫాస్ఫేట్లు పెడుతుంది. లాట్ ఒక పందిరి గుంజ లాంటిది. సొంతంగా ఏ పనీ చేయదు, అందరూ వచ్చి దానికే కట్టుకుంటారు.

లాట్ దగ్గర ఒక చిన్న వివరం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. దాని మీద ఫాస్ఫేట్ పడే చోట్లలో 132వ స్థానంలోని టైరోసిన్ చాలా నెమ్మది. కాల్షియం కబురు దాని మీదే ఆధారపడి ఉంది. అంత ముఖ్యమైన చోటు అంత మందకొడిగా ఎందుకుంది? దాని ముందున్న అమైనో ఆమ్లం గ్లైసిన్ కావడమే కారణం. జాప్-70 ఇష్టపడేది అక్కడ రుణావేశమున్న ఆమ్లాన్ని. శాన్ ఫ్రాన్సిస్కోలో ఆర్థర్ వైస్ బృందం ఆ ఒక్క గ్లైసిన్‌ను మార్చి చూసింది. ఫాస్ఫేట్ వేగంగా పడింది. టి-కణం చురుకైంది. ఎంత చురుకంటే, మామూలుగా పట్టించుకోని బలహీన పెప్టైడ్లకూ సొంతవాటికీ స్పందించడం మొదలుపెట్టింది. ఆ నత్తనడక లోపమని చూసేవాళ్లకు అనిపిస్తుంది. నిజానికి ఆ బల్ల దగ్గర తొందరపడని గుమాస్తాను కూర్చోబెట్టడమే కణానికి క్షేమం.

గుంపుగా ఉంటే సమయం పెరుగుతుంది

లాట్ మీద ఫాస్ఫేట్లు పడ్డాక చోటు, సమయం రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఒక్కో లాట్ మీద చేతులు మూడు నాలుగు. వాటిని పట్టుకునే గ్రబ్2, ఎస్‌ఓఎస్ అనే ప్రోటీన్లకూ ఒకటి కంటే ఎక్కువ చేతులు. ఇలా బహు చేతులవాళ్లు కలిస్తే కోలాటం బృందంలా అల్లుకుపోతారు. 2016లో వేల్, రోజెన్ బృందాలు శుద్ధి చేసిన ప్రోటీన్లను కృత్రిమ పొర మీద పెట్టి చూస్తే, ఫాస్ఫేట్ పడ్డ లాట్ వెంటనే నూనె బొట్లు కలిసినట్టు గుంపులు కట్టింది. ఆ గుంపులోంచి సీడీ45 దూరంగా ఉండిపోయింది.

గుంపు కట్టడం వల్ల లాభం ఏమిటన్నదే అసలు ప్రశ్న, దీనికి 2019లో జే గ్రోవ్స్ బృందం ఇచ్చిన జవాబు బాగుంది. కబురును ముందుకు పంపే ఎస్‌ఓఎస్ పొర దగ్గరికి వచ్చిన వెంటనే పని మొదలుపెట్టదు. ఒళ్లు విరుచుకుని లేవడానికి దానికి పదుల సెకన్లు పడుతుంది. విడిగా ఉన్న లాట్‌కు పట్టుకుంటే అంతసేపు నిలవదు, జారిపోతుంది. గుంపులో అయితే ఒక చెయ్యి వదిలినా ఇంకో చెయ్యి పట్టుకుని ఉంటుంది, లేచేదాకా నిలుస్తుంది. అంటే గుంపే ఒక గడియారం. ఒంటరి, పొరపాటు ఫాస్ఫేట్లు వడపోతలో పోతాయి.

ఇలాంటి గుంపుల మీద గత పదేళ్లలో వచ్చిన మోజు గురించి ఒక మాట. కణంలో ఏ రెండు ప్రోటీన్లు ఒకచోట చేరినా దాన్ని ద్రవపు బొట్టు అనేసి పత్రం రాసే ధోరణి కొంతకాలం గట్టిగా నడిచింది. గుంపు కనిపించడం వేరు, ఆ గుంపు లేకపోతే పని ఆగిపోతుందని చూపించడం వేరు. లాట్ విషయంలో రెండో రకం సాక్ష్యం ఉంది కాబట్టే ఇక్కడ ఇంత చోటు.

మన పేగుల్లోని ఈ-కోలై బ్యాక్టీరియా దగ్గరా అణువుల అమరికే కనిపిస్తుంది, పద్ధతి మాత్రం వేరు. దాని రిసెప్టర్లు వేల సంఖ్యలో కణం కొసన, తేనెపట్టు గదుల్లా ఆరు పలకల అల్లికలో శాశ్వతంగా కూర్చుని ఉంటాయి. ఒకదానికి తీపి తగిలితే పక్కవాటికీ చలనం వస్తుంది. 2002లో సూర్జిక్, బెర్గ్ కొలిచినప్పుడు, రిసెప్టర్లలో వచ్చిన చిన్న మార్పు లోపల దాదాపు 35 రెట్లయింది. బ్యాక్టీరియాకు ముందే కట్టిన మండపం చాలు, ఎందుకంటే దానికి ఎప్పుడూ కావలసింది ఒకటే, తిండి ఎటుందో తెలియడం. టి-కణం మాత్రం ఎదుటి కణాన్ని చూశాక, ఆ క్షణానికి పందిరి వేసుకుని, పని కాగానే విప్పుకుంటుంది.

అందమైన బొమ్మ చేసిన మోసం

ఆ విప్పుకోవడాన్ని అర్థం చేసుకోవడంలోనే ఈ రంగం పెద్ద పొరపాటు చేసింది. 1998లో కుప్ఫర్ బృందం, 1999లో డస్టిన్ తదితరులు టి-కణం ఎదుటి కణంతో కలిసిన చోటును ఫొటోలు తీశారు. అచ్చం గురిపెట్టే చక్రంలా ఉంది: మధ్యలో రిసెప్టర్లు పోగై ఉన్నాయి, చుట్టూ కణాల్ని అతికించి ఉంచే అణువుల వలయం, దానికి బయట సీడీ45. నాడీకణాల కలయికను పోలి ఉందని దానికి సినాప్స్ అని పేరు పెట్టారు. అంత చక్కగా రిసెప్టర్లన్నీ మధ్యలో చేరితే ఏమనిపిస్తుంది? కబురు పుట్టేది అక్కడేనని. అందరూ అదే అనుకున్నారు.

అది తలకిందులని తర్వాత తేలింది. మధ్య చక్రం తయారవడానికి నిమిషాలు పడుతుంది, ఫాస్ఫేట్ల కబురు అంతకు ముందే మొదలై చాలావరకు తగ్గుముఖం పడుతుంది. 2005లో వేర్వేరు బృందాలు చూస్తే, కబురు పుట్టేది కలయిక అంచుల్లో, కొన్ని పదుల రిసెప్టర్లున్న బుల్లి గుంపుల్లో. యాక్టిన్ దారాల ప్రవాహం వాటిని మధ్యలోకి ఈడ్చుకుపోతుంది. మధ్యలోకి చేరేసరికి అవి నోరు మూసుకుంటాయి.

దీన్ని రుజువు చేసిన ప్రయోగం మడి గట్లు వేసిన రైతు పనిలా ఉంటుంది. 2005లో గ్రోవ్స్, డస్టిన్ బృందాలు గాజు పలక మీద అతి సన్నని క్రోమియం గట్లు వేసి, వాటి మధ్య కృత్రిమ పొర పరిచి, దాని మీద ఎంహెచ్‌సీ దొన్నెలు పెట్టాయి. దొన్నెలు గట్టు దాటలేవు. వాటిని పట్టుకున్న రిసెప్టర్ గుంపులూ దాటలేవు. అంచునే ఆగిపోయిన ఆ గుంపుల్లో కబురు ఎక్కువసేపు నడిచింది, కాల్షియమూ పెరిగింది. పెప్టైడ్ మారలేదు, సంఖ్య మారలేదు, రసాయనం ఏదీ కలపలేదు. అణువులు నిలబడే చోటు మార్చారు, కబురు బలం మారింది. ఈ వ్యాసంలోని ప్రయోగాలన్నింట్లో ఒక్కటే చెప్పమంటే ఇది చెప్పాలి.

మధ్య భాగం చాలావరకు ముగింపు స్థలం. వాడిన రిసెప్టర్లను కణం అక్కడే లోపలికి లాక్కుంటుంది. కొన్నింటిని చిన్న బుడగల్లో చుట్టి ఎదుటి కణం వైపు వదిలేస్తుందని 2014లో కనిపెట్టారు.

వైద్యంలో ఈ లెక్క

క్యాన్సర్‌కు చేసే కార్-టి చికిత్సలో రోగి టి-కణాలను బయటికి తీసి, వాటికి కృత్రిమ రిసెప్టర్ తగిలించి, తిరిగి ఎక్కిస్తారు. అమెరికాలో మొదటి అనుమతి 2017 ఆగస్టులో వచ్చింది. మన దేశంలో ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ ఆసుపత్రి కలిసి అభివృద్ధి చేసిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి లభించింది, అమెరికా ధరలో సుమారు పదో వంతుకు. బి-కణాల రక్త క్యాన్సర్లలో, వేరే మందులకు లొంగని రోగులకు ఇది కొత్త ఊపిరి.

కృత్రిమ రిసెప్టర్ ముందు భాగం యాంటీబాడీది కాబట్టి గురిని, అంటే క్యాన్సర్ కణం మీద తాను వెతికే అణువును, చాలా గట్టిగా పట్టుకుంటుంది, సహజ రిసెప్టర్ కంటే ఎన్నో రెట్లు. పట్టే అంతా అయితే ఇది సహజ రిసెప్టర్‌ను మించిపోవాలి. జరిగింది వేరు. సహజ రిసెప్టర్ మూడు నుంచి పది పెప్టైడ్లకు స్పందిస్తే, దీనికి ఎదుటి కణం మీద వందల నుంచి వేల గురి అణువులు కావాలి. దాని సినాప్స్ కూడా చక్రంలా కుదురుగా ఉండదు, చెదురుమదురు గుంపులుగా ఉంటుంది. క్యాన్సర్ ఈ బలహీనతను వాడుకుంటుంది. సీడీ22 అనే అణువును గురిగా పెట్టుకున్న కార్-టి మీద 2018లో వచ్చిన ఫలితాల్లో, కొందరు రోగుల్లో జబ్బు తిరగబెట్టింది. ఆ క్యాన్సర్ కణాలు సీడీ22ను పూర్తిగా వదిలేయలేదు, సంఖ్య తగ్గించుకున్నాయంతే. కృత్రిమ రిసెప్టర్‌కు అది కనబడనంతగా తగ్గితే చాలు.

రెండు కణాల్ని కలిపి పట్టే ద్విముఖ యాంటీబాడీల్లో ఎత్తు లెక్క సూటిగా పనిచేస్తుంది. క్యాన్సర్ కణం మీది గురి పొరకు దగ్గరగా ఉంటే మందు బాగా చంపుతుంది, అదే ప్రోటీన్‌లో దూరంగా, పై కొసన ఉన్న చోటును పట్టుకుంటే బలహీనపడుతుంది. పట్టు గట్టిదనం ఒకేలా ఉన్నా సరే. మంచం ఎత్తు పెరిగితే కిందికి సీడీ45 దూరుతుంది మరి.

టి-కణానికి బ్రేకు వేసే పీడీ-1 దగ్గరా ఇదే. తసుకు హోంజో కనుగొన్న ఈ అణువు, జేమ్స్ ఆలిసన్ పనిచేసిన మరో బ్రేకుతో పాటు, 2018 నోబెల్ బహుమతికి కారణమైంది. పీడీ-1 ఊరికే పొర మీద ఉంటే ఏమీ చేయదు. రిసెప్టర్ల బుల్లి గుంపుల్లోకే వచ్చి చేరి, తనతో పాటు ఫాస్ఫేట్లు ఊడబీకే ఎంజైమ్‌ను లోపలికి తెస్తుంది. సీడీ45ను బయటికి పంపి కణం కాపాడుకున్న చోటులోకే ఇంకో చీపురు వచ్చిందన్నమాట. ఆ చీపురు ముందుగా ఊడ్చేది రిసెప్టర్ తోకను కాకుండా, దానికి తోడుగా నిలిచే సీడీ28ను అని 2017లో తేలింది. పీడీ-1 మందులు కొన్నిసార్లు ఎందుకు పనిచేయవో వెతికేవాళ్లు అప్పటినుంచి సీడీ28 వైపూ చూస్తున్నారు.

కార్-టి సున్నితత్వం పెంచడానికి ఇప్పుడు నడుస్తున్న ప్రయత్నాల్లో ఒకటి, యాంటీబాడీ ముందు భాగాన్ని తీసుకెళ్లి సహజ రిసెప్టర్ ఒంటికే అతికించడం. అలా చేస్తే దాని వెనకాల ఇరవై టైరోసిన్ల తోకలూ, జాప్-70 బల్లా, లాట్ పందిరీ అన్నీ యథాతథంగా ఉంటాయి. 2022లో ప్రచురితమైన ఎలుకల ప్రయోగాల్లో ఇలాంటి కణాలు, గురి అణువులు చాలా తక్కువగా ఉన్న క్యాన్సర్ కణాలను కూడా పట్టుకున్నాయి. మామూలు కార్-టి వాటిని చూడకుండా పక్కనుంచి వెళ్లిపోయింది.